ముందు కవిత్వం, వెనక అఫిడవిట్

మా అమ్మ చదవని కాగితం లేదు. ఖమ్మంలో మా ఇంటికి పకోడీల పొట్లం వస్తే, పకోడీలు ప్లేట్లో పోసేసి, నూనె మరకల మధ్య మిగిలిన వార్త చదివేది. సీరియల్లో సగం చిరిగిన పేజీ దొరికితే, ముందేం జరిగి ఉంటుందో తనే అల్లుకుని మాకు చెప్పేది. చదువు టెన్త్‌తో ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు.

అలాంటి మనిషిని పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు విసుక్కున్నాను. "ప్యాకెట్ వెనక ఏం రాశారో చూసుకోవా అమ్మా?" అని.

అమ్మకి పన్నెండేళ్ళుగా షుగర్. డాక్టర్ చెప్పాడని రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటోంది. అన్నం లేని రాత్రి అంటే ఏమిటో ఆ తరం వాళ్ళనడిగితే తెలుస్తుంది. టీలో పంచదార కూడా మానేసింది. మిగిలిన ఒక్క సరదా టీలో ముంచుకునే బిస్కెట్. దానికోసం హైదరాబాద్ నుంచి నేను షుగర్ ఫ్రీ బిస్కెట్లు పట్టుకెళ్ళేవాణ్ణి, ఒకేసారి డజను ప్యాకెట్లు. పొద్దున మూడు, సాయంత్రం మూడు. "షుగర్ లేదుగా" అని ధైర్యంగా తినేది. ఈసారి మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.2 కాస్తా 8.1 అయింది. అది బిస్కెట్ల వల్లే అని నేననలేను. మందులు, నిద్ర, వయసు, అన్నీ ఉంటాయి. కానీ ఆ రోజు మొదటిసారి ఆ ప్యాకెట్ తిప్పి చూశాను.

వంద గ్రాములకి: శక్తి 476 కిలో కేలరీలు. ప్రోటీన్ 8 గ్రాములు. కార్బోహైడ్రేట్ 66. అందులో చక్కెర 0. కొవ్వు 20.

లెక్క కష్టమేం కాదు. గ్రాము కార్బోహైడ్రేట్‌కీ, గ్రాము ప్రోటీన్‌కీ 4 కేలరీలు, కొవ్వుకి 9. ఒక్కో బిస్కెట్ 8 గ్రాములు. ఆరు తింటే 48 గ్రాములు, అంటే 228 కేలరీలు, దాదాపు 32 గ్రాముల కార్బోహైడ్రేట్. ఒక చిన్న కప్పు అన్నంలో ఉండేదీ అంతే. రాత్రి కంచంలోంచి అమ్మ తీసేసిన అన్నాన్ని నేను ప్యాకెట్లలో పెట్టి మళ్ళీ ఇంటికి చేర్చాను. ఆ ప్యాకెట్లు కొన్నది నేను. చదవనిది కూడా నేనే. బీటెక్ చదివి, రోజుకి పది గంటలు స్క్రీన్ మీద అక్షరాలు చూసి బతికే నేను. విసుక్కున్నది మాత్రం అమ్మని.

ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది. కానీ నేను సిగ్గుపడి ఊరుకుంటే లాభపడేది ఎవరో కూడా ఆలోచించాలి కదా.

ఈ పత్రికలో మనం కథల్నీ కవితల్నీ వాక్యం వాక్యం విప్పి చూస్తాం. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏం దాస్తున్నారు అని అడుగుతాం. అవే ప్రశ్నలు ఈ ప్యాకెట్‌ని అడిగి చూడండి. ముందువైపు కవిత్వం: పెద్ద అక్షరాలు, ఆకుపచ్చ రంగు, గోధుమ కంకి, నడుం కొలిచే టేపు. వెనకవైపు అఫిడవిట్: రేపు ఎవరైనా కోర్టుకెళితే "మేం చెప్పామండీ" అని చూపించడానికి రాసుకున్న కాగితం. అందులో అన్నీ ఉంటాయి, మనకి తెలిసేది మాత్రం ఏమీ ఉండదు. ఆ రాత మన కోసం రాసింది కాదు. అందుకే మనకి అర్థం కాదు. నా వాదన మొత్తం ఇదే.

ముందువైపు మాటల్లో అబద్ధం ఉండదు. అసలు చిక్కు అక్కడే. మన దేశంలో 2018లో వచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం వంద గ్రాముల్లో చక్కెర అర గ్రాము దాటకపోతే "షుగర్ ఫ్రీ" అనొచ్చు. చక్కెర అంటే ఆ లెక్కలో చిన్న అణువులు మాత్రమే: గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ లాంటివి. మైదాలోని పిండిపదార్థం ఆ లెక్కలోకి రాదు. కానీ పేగులోకి వెళ్ళాక అది విడిపోయి అయ్యేది గ్లూకోజే. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి ఉంది. పట్టికలో దాన్ని చక్కెరగా లెక్కపెట్టరు, రక్తంలో గ్లూకోజ్‌ని మాత్రం చకచకా పెంచుతుంది. ఐఎన్‌ఎస్ 965 అని నంబరు కనిపిస్తే అది మాల్టిటాల్. తియ్యగా ఉంటుంది, చక్కెర ఇచ్చే కేలరీల్లో సగం పైగా ఇస్తుంది, ఎక్కువ తింటే కడుపు కూడా పాడుచేస్తుంది. 965 అంటే ఏమిటో మా అమ్మకి ఎవరు చెప్పాలి?

"లైట్" సంగతి ఇంకా బాగుంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రాసే కోడెక్స్ ప్రకారం "లైట్" అన్నది పోలిక. పోల్చిన పదార్థం కంటే కనీసం 25 శాతం తక్కువ ఉండాలి. దేనికంటే తక్కువ అన్నదే ప్రశ్న. వందకి వంద దోచుకునేవాడి పక్కన నిలబడితే డెబ్బై ఐదు దోచుకునేవాడు కూడా ధర్మాత్ముడిలా కనపడతాడు. ఇక లైట్ ఆలివ్ నూనెలో లైట్ అన్నది రంగుకీ వాసనకీ సంబంధించిన మాట. కేలరీలు ఏమీ తగ్గవు. నూనె ఏదైనా వంద గ్రాములకి దాదాపు 900. నూనె డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాయడం కొబ్బరిబొండాం మీద "ఎముకలు లేవు" అని రాయడం లాంటిదే. మొక్కల నూనెలో అది చెప్పుకోదగ్గంత ఎప్పుడూ లేదు.

"డయట్ మిక్చర్" చూశారా? హైదరాబాద్‌లో ఏ స్వీట్ షాపుకెళ్ళినా ఉంటుంది. మనకి పథ్యం అనే మాట ఉంది. పథ్యం అంటే ఏం తినకూడదో, ఎన్నాళ్ళో, ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. డయట్ మిక్చర్‌లో డయట్ ఎక్కడుందో ఆ ప్యాకెట్ చెప్పదు. ఆ మాట చేసే పని ఒక్కటే, రెండో గుప్పెడు తీసుకునేటప్పుడు మన మనసుని సమాధానపరచడం.

ఇదంతా చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఒక ఉదాహరణ. విరేచనాలతో నీరసించిన పిల్లలకి ఇచ్చే ఓఆర్‌ఎస్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలున్నాయి. లీటరు నీళ్ళలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకో రెండు లవణాలు. కానీ పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకున్న తియ్యటి పానీయాలు మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అని ఒక హెచ్చరిక వేస్తే చాలు, పేరు పెట్టుకోవచ్చని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతించింది కూడా. పెద్ద అక్షరాల్లో ఔను, చిన్న అక్షరాల్లో కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో ఆ అనుమతులు వెనక్కి తీసుకున్నారు. జబ్బుపడ్డ పిల్లల విషయంలోనే ఇంత సమయం పడితే, బిస్కెట్ల గురించి ఎవరికి పట్టింది?

ఇప్పుడు మన తరంలో ఒక కొత్త నీతి వచ్చింది: లేబుల్ చదవండి. రీల్స్‌లో రోజూ ఎవరో ఒకరు ప్యాకెట్ తిప్పి చూపిస్తుంటారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. వాళ్ళ వల్ల కొన్ని కంపెనీలు దిగొచ్చాయి కూడా. కానీ ఆ నీతి చివరికి ఎక్కడ తేలుతుందో చూడండి. చదివినవాడు తెలివైనవాడు, చదవనివాడు అనుభవించాల్సినవాడు. నేను అమ్మని విసుక్కున్నదీ సరిగ్గా ఆ గొంతుతోనే.

మా ఉద్యోగాల్లో ఇలాంటి జబ్బే ఒకటుంది. కస్టమర్ తప్పు బటన్ నొక్కాడని ఫిర్యాదు వస్తే "యూజర్ ఎర్రర్" అని రాసి టికెట్ మూసేస్తాం. నేనూ చాలా మూశాను. ఒకసారి మా టీమ్‌లో సీనియర్ ఒకావిడ అలాంటి టికెట్లు నలభై ఒకేచోట పేర్చి చూపించింది. ఒకడు నొక్కితే వాడి తప్పు, నలభైమంది అదే నొక్కితే బటన్ తప్పు అంది. మర్నాడు బటన్ మార్చాం. ఆహారం ప్యాకెట్ల విషయంలో మాత్రం కోట్లమందిని మారమంటున్నాం.

పోనీ, చదువుదాం. ఏ భాషలో? 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. ఇంకో భాష కావాలంటే అదనంగా వేసుకోవచ్చు, వేయకపోతే అడిగేవాడు లేడు. పకోడీల పొట్లం కూడా వదలకుండా చదివే మా అమ్మ చేతిలో, ఆమె రోజూ తినే వస్తువు మీద ఆమెకొచ్చిన భాషలో ఒక్క ముక్క లేదు. ఇన్ని భాషల్లో అచ్చేయడం కుదరదంటారు. అదే తరహా సరుకుల టీవీ ప్రకటన తెలుగులో వస్తుంది, తెలుగు హీరో చెబుతాడు, పండక్కి తెలుగులో శుభాకాంక్షలు కూడా వస్తాయి. అమ్మేటప్పుడు వచ్చిన తెలుగు, లోపలేముందో చెప్పేటప్పుడు రాకుండా పోతుందా?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో పుట్టి, 1958లో హైదరాబాద్ చేరింది. 2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, లేబుళ్ళ మీది మాటలు తప్పుదోవ పట్టించొచ్చనీ, షుగర్ ఫ్రీ పదార్థాల్లో కొవ్వులు, మైదా లాంటివి ఉండొచ్చనీ స్పష్టంగా చెప్పాయి. తార్నాక నుంచి ఖమ్మానికి నాలుగైదు గంటల దారి. ఆ మాట మా ఇంటిదాకా రాలేదు. ప్యాకెట్ వచ్చింది.

చదవడం రాని జనానికి ఎలా చెప్తాం అని ప్రభుత్వం అనడానికి వీల్లేదు. ఎందుకంటే ఒకసారి చెప్పి చూపించింది. ఆకుపచ్చ చుక్క. శాకాహారమా కాదా అన్నది రెండు దశాబ్దాలుగా ప్రతి ప్యాకెట్ మీదా ఒక చిన్న గుర్తుతో తెలిసిపోతోంది. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా చదువుతారు. 2020 నిబంధనల్లో మాంసాహారం గుర్తుని త్రికోణం చేశారు కాబట్టి రంగులు పోల్చుకోలేనివాళ్ళకి కూడా తేడా తెలుస్తుంది. ఎంత శ్రద్ధ! నోటి మడికి దొరికిన ఈ శ్రద్ధ ఒంట్లో షుగర్‌కి ఎందుకు దొరకలేదు? ఎవరి భయాలకి గుర్తులు తయారవుతాయో, ఎవరి జబ్బులకి తయారవవో ఈ ఒక్క చుక్కే చెబుతోంది.

ప్యాకెట్ ముందువైపు గుర్తు వేయాలన్న చర్చ మన దగ్గర ఏళ్ళుగా నడుస్తోంది. 2022లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన ముసాయిదా నక్షత్రాలు ఇస్తానంది, అర నక్షత్రం నుంచి ఐదు దాకా. అందులో పీచుపదార్థం, గింజలు లాంటి మంచివాటికి మార్కులు కలిపి చక్కెర, ఉప్పుల మార్కుల్లోంచి తీసేస్తారు. మోసం అక్కడితో ఆగదు. నక్షత్రం పొగడ్త. అర నక్షత్రమైనా నక్షత్రమే. 2.75 రేటింగ్ వచ్చిన సినిమాకి ఫ్యామిలీతో వెళ్ళొచ్చే మనకి ఆ సంగతి ఒకరు చెప్పాలా? చిలీ దేశం 2016లో నక్షత్రాల జోలికి పోలేదు. నల్లటి అష్టభుజి, లోపల వాళ్ళ భాషలో "చక్కెర ఎక్కువ", "ఉప్పు ఎక్కువ". అంతే. మన దగ్గర 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమంది. తర్వాత గడువు పెరిగింది.

నల్ల గుర్తు వేస్తే మన ఆవకాయకీ నెయ్యికీ కూడా వేయాల్సొస్తుంది, సంప్రదాయ వంటలకి అవమానం అనేవాళ్ళున్నారు. వేయండి. ఆవకాయలో ఉప్పు ఎక్కువే. గుర్తు చూసి ఆవకాయ సిగ్గుపడదు, మనం మానం కూడా. ఒక ముక్క తగ్గించుకుంటామేమో. ఆవకాయ ఏనాడూ నేను డయట్ అని చెప్పుకోలేదు. నా గొడవ ఉప్పుతో కాదు, వేషంతో.

కాబట్టి అడగాల్సినవి మూడే. ముందువైపు ఎంత పెద్ద అక్షరాల్లో గొప్ప చెప్పుకుంటే అంతే పెద్ద అక్షరాల్లో, అదే వైపు, మిగతా నిజం చెప్పాలి. షుగర్ ఫ్రీ అన్నవాడు దాని పక్కనే కార్బోహైడ్రేట్ 66 అనాలి. చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు దాటితే నక్షత్రం కాదు, హెచ్చరిక ఉండాలి. ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ రాష్ట్రం భాషలో ఉండాలి. ఇవి జరిగాక కూడా ఎవరైనా చదవకపోతే, అప్పుడు తప్పు చదవనివాళ్ళదని ఒప్పుకుంటాను.

అప్పటిదాకా నేను చేయగలిగింది చేశాను. తిరిగొచ్చే ముందు బిస్కెట్ల డబ్బా మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో రాశాను: "ఆరు బిస్కెట్లు అంటే చిన్న కప్పు అన్నం."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. డబ్బా పక్కన పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. అన్నం మానేసిన రాత్రులు లెక్కపెట్టుకుంటోందేమో.

"ఇంత చిన్న ముక్క వాళ్ళే రాయొచ్చు కదరా" అంది.