చట్టం తెలుసుకుందాం: ఉపాధ్యాయుడు ‘ఉద్యోగి’ కాదా?

గ్రాట్యుటీ మనకు విరమణనాడు సహజంగా అందే సొమ్ము. మన కుటుంబాలలో ప్రైవేటు పాఠశాలల్లో బోధించేవారు ఎందరో ఉన్నారు. వారికి ఈ హక్కు అంత సులభంగా దక్కలేదు.

1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టాన్ని 1997 ఏప్రిల్ 3న పదిమంది లేక అంతకు మించి సిబ్బంది గల విద్యాసంస్థలకు వర్తింపజేశారు. అయితే ‘ఉద్యోగి’ నిర్వచనంలో శారీరక, సాంకేతిక, గుమాస్తా, పర్యవేక్షణ పనులే పేర్కొనబడ్డాయి, బోధన లేదు. అందుచేత ఉపాధ్యాయులు దాని పరిధిలోకి రారని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బడి గుమాస్తాకున్న హక్కు అదే బడి పంతులుగారికి లేకపోయింది!

ఈ లోపాన్ని పార్లమెంటు 2009లో సవరించి, 1997 ఏప్రిల్ 3 నుండే అమలయ్యేలా చేసింది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు దీనిని సవాలు చేశాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. 2025 నవంబరు 21 నుండి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది.

లెక్క సులభమే. సాధారణంగా ఐదేళ్ల నిరంతర సేవ ఉండాలి. చివరి నెల మూలవేతనాన్ని, కరవు భత్యాన్ని కలిపి 26తో భాగించి, 15తోను, సేవా సంవత్సరాలతోను హెచ్చించాలి. ఆ మొత్తం రూ. 26,000 అయితే, ఇరవై ఏళ్ల సేవకు రూ. 3,00,000 రావాలి.

చట్టంలో ఒక్క మాట లోపించినందుకు ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. మీ ఇంట ఉపాధ్యాయులుంటే నియామక పత్రాన్ని, వేతన చీటీలను నేడే భద్రపరచమని చెప్పండి.