తెర ఆరినంత మాత్రాన

హైదరాబాదు అనగానే నేటి యువతరం మనస్సులో మెదిలేది హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ అద్దాల మేడలే నగరానికి ముఖచిత్రమయ్యాయి. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న బాలానగర్ అంతకు మూడు దశాబ్దాల ముందే యంత్రవిద్యకు నెలవైంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను ఇక్కడే నెలకొల్పింది. డైలు, అచ్చులు, యంత్రభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారాలకు ఈ ప్రాంతం పెట్టింది పేరు.

ఇటువంటి కర్మాగారాలలో కంప్యూటర్ ఆజ్ఞలతో లోహాన్ని కోసే సి.ఎన్.సి. యంత్రాలుంటాయి. వాటి ఇనుప శరీరం ముప్పై ఏళ్లయినా చెక్కుచెదరదు. ముందుగా మసకబారేది మానిటర్. తెర నల్లబడగానే “ఇక దీని పని అయిపోయింది, తుక్కు కింద అమ్మెయ్యండి” అనే సలహా నలువైపుల నుండీ వినవస్తుంది. ఇది తొందరపాటు తీర్పు అని నా అభిప్రాయం. కన్ను కనిపించనంత మాత్రాన మనిషి మరణించినట్లు ఎవరైనా నిర్ధారిస్తారా?

కంప్యూటర్‌కు, మానిటర్‌కు మధ్య పొత్తు కుదరాలంటే కేబుల్ కొస సరిపోతే చాలదు. సెకనుకు ఎన్ని గీతలు గీయాలి, ప్రతి గీత ఎక్కడ మొదలుకావాలి అనే విషయాలలో కూడా రెండింటికీ ఏకాభిప్రాయం ఉండాలి. 1987లో ఐ.బి.ఎం. ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో కేబుల్‌కు మూడు వరుసలలో పదిహేను పిన్నులుంటాయి. సెకనుకు దాదాపు 31,500 గీతలు వెలువడతాయి. అంతకు పూర్వపు పద్ధతిలో పనిచేసే యంత్రాలలో అనేకం పాత టెలివిజన్ వలె 15,700 గీతలకు అటూ ఇటూగా పంపుతాయి. అటువంటి యంత్రానికి నేటి ఎల్.సి.డి. మానిటర్‌ను తగిలిస్తే ఏమీ కనిపించకపోవచ్చు. యంత్రమూ బాగానే ఉంటుంది, మానిటరూ బాగానే ఉంటుంది. లోపించినది దుబాసి మాత్రమే. ఆ పని చేసే చిన్న మార్పిడి బోర్డులు లభిస్తాయి.

ఒకప్పుడు యంత్రభాగాల రూపకల్పనకు వాడిన వర్క్‌స్టేషన్ల కథ ఇంకా చిత్రమైనది. సన్ మైక్రోసిస్టమ్స్ వారి వర్క్‌స్టేషన్లలో చాలావాటికి పదమూడు కొసల కేబుల్ ఉండేది: పది సన్నని పిన్నులు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు లావుపాటి కొసలు. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ కూడా అదే ఆకారాన్ని వాడింది, కాని లోపలి పిన్నుల అమరిక వేరు. అందువల్ల ఒకదాని కేబుల్ మరొకదానికి చక్కగా బిగుసుకుంటుంది, బొమ్మ మాత్రం రాదు! కొన్ని యంత్రాలు గీత మొదలయ్యే సంకేతాన్ని ఆకుపచ్చ రంగుతోనే కలిపి పంపుతాయి. దానిని గ్రహించలేని మానిటర్‌పై చిత్రం నిలవదు, లేదా తెరంతా ఆకుపచ్చదనం కమ్ముకుంటుంది. సన్ వర్క్‌స్టేషన్‌కు కీబోర్డు తగిలించకుండా విద్యుత్తు ఇస్తే అది తన మాటలను తెరకు బదులు సీరియల్ పోర్టుకు పంపుతుంది. కీబోర్డు లేని లోపానికి నింద మోసేది పాపం మానిటరే.

కొత్త యంత్రం కొనుక్కోవచ్చు కదా అని కొందరు వాదించవచ్చు. కార్యాలయాల విషయంలో ఆ వాదనతో నేను ఏకీభవిస్తాను. కరెంటు ఖర్చు దృష్ట్యా కూడా అది మేలే. కాని లక్షల రూపాయల యంత్రాన్ని తెర కోసం మార్చుకోగల స్తోమత చిన్న కర్మాగారానికి ఉండదు. పైగా అనేక సి.ఎన్.సి. యంత్రాలలో కొలతల అమరికలన్నీ ఒక చిన్న బ్యాటరీ ఆధారంగా జ్ఞాపకంలో నిలిచి ఉంటాయి. తెర లేదని యంత్రాన్ని నెలల తరబడి మూలన పడవేస్తే ఆ బ్యాటరీ నిర్వీర్యమవుతుంది, అమరికలు చెరిగిపోతాయి. తరువాత తెర వెలిగినా యంత్రం తన విద్యను మరచిపోయి ఉంటుంది. అసలైన నష్టం అదీ.

ఉత్సాహవంతులైన విద్యార్థులకు ఒక హెచ్చరిక. గాజుగొట్టపు పాత మానిటర్‌ను విప్పే సాహసం చేయరాదు. అందులో ఇరవై వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. స్విచ్చి ఆపిన తరువాత కూడా అది కొంతకాలం దాగి ఉండగలదు. ఆ గాజులో సీసం ఉంటుంది కనుక చెత్తకుప్పలో వేయడమూ తగదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల కోసం మన దేశంలో 2012 నుండి ప్రత్యేక నిబంధనలు అమలులో ఉన్నాయి.

ప్రోగ్రాము రాసేవానిని ఇంజనీరు అంటాం, కేబుల్ పిన్నుల మర్మం తెలిసినవానిని మెకానిక్ అని సరిపెడతాం. ఈ తారతమ్యం నాకు సమంజసంగా తోచదు. మన కళాశాలల ప్రయోగశాలల్లో కొత్త సాఫ్ట్‌వేర్‌తో పాటు ఒక పాత యంత్రానికి తెరను జతపరచే అభ్యాసం కూడా ఉండాలి. కర్మాగారాల యజమానులు చేయవలసిన పని ఇంకా సులువు. కొస ఆకారం, సెకనుకు గీతల సంఖ్య, సంకేతం వచ్చే దారి, ఈ మూడింటినీ ఒక అట్టముక్కపై రాసి యంత్రం తలుపు లోపల అతికించాలి. పాత తెర వెలుగుతూ ఉండగానే ఆ పని జరగాలి.