ఒక్కరమే కూసోని తినే జాగ ఏది?

సూర్యాపేటకు పనిమీద ఒక్కడివే పోతే ఎక్కడ తింటే బాగుంటది అని అడగండి. అగ్రకుల మిత్రులు రుచి గురించి చెప్తారు. ఫలానా దగ్గర పప్పు బాగుంటది, ఫలానా దగ్గర మటన్ బాగుంటది అంటారు. మేము మొదలు చూసేది గల్లాపెట్టె దగ్గర కూసున్న ఆసామిని. "ఏ ఊరు? ఎవరి పిల్లగానివి?" అని అడగకుండ పళ్ళెం పెట్టించినోని హోటలే మాకు మంచి హోటల్. ఊరు చెప్తే వాడ అడుగుతరు. వాడ చెప్తే కులం చెప్పినట్టే. హైదరాబాద్‌లో ఈ బాధ కొంత తక్కువ, అక్కడ ఎవడు ఎవడో తెల్వదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అట్లాంటి పట్నాలు కావు. చుట్టూ ఉన్న యాభై ఊర్ల దొరలు, పటేండ్లు వచ్చి అవే హోటళ్ళలో కూసుంటరు. మన ఊరి ఆసామి పక్క బల్ల మీద ఉంటే ఇడ్లీ గొంతు దిగదు.

ఒంటరిగా తినడం గురించి రెండు మాటలు చెప్పుకోవాలె. మా అమ్మలు, అయ్యలు ఊరి పెండ్లిళ్ళకు పోయి పందిరి బయట, అందరు తిని లేచినంక, ఇంటి నుంచి తీసుకపోయిన గిన్నెల్లో పెట్టించుకుని తిన్నరు. దాన్ని వేరుగా తినడం అంటారు. అది ఎదుటోడు పెట్టిన శిక్ష. పని తెమిలినంక మనకు మనమే ఒక బల్ల చూసుకుని, మన పైసలతో, ఎవరి దయా లేకుండ తినడం దీనికి పూర్తిగా భిన్నమైన సంగతి. ఈ తేడా తెల్వనోళ్ళు "నలుగురితో కలిసి తినాలె గని ఒక్కడివే ఏం తింటవయ్యా" అని హితబోధ చేస్తుంటరు. వాళ్ళ తాతల పంక్తిలో ఆ నలుగురు ఎవరో వాళ్ళనే అడగాలె.

బాబాసాహెబ్ అంబేడ్కర్ విదేశాల్లో చదువుకొని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోతే ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని ఉన్నడు. పదకొండో రోజున కట్టెలు పట్టుకొని గుంపు వచ్చి వెళ్ళగొట్టింది. అంత చదువుకున్న మనిషికే ఒక గది, ఒక పళ్ళెం కోసం పేరు మార్చుకోవాల్సి వచ్చింది. మన పిల్లలు ఇయ్యాల కోదాడ కాలేజీలకు వచ్చి రూం దొరకడానికి, మెస్సులో చేరడానికి ఇంటిపేరు మింగుతున్నరంటే వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

చట్టం మాట కొస్తే, రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళలోకి కులం పేరుతో ఎవర్నీ ఆపొద్దన్నది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955 చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారింది, ఇంకా వివరంగా చెప్పింది. దాని 4వ సెక్షన్ హోటల్లోకి రానియ్యకపోవడమే కాదు, అక్కడ అందరి కోసం పెట్టిన గిన్నెలు, గ్లాసులు వాడనియ్యకపోవడం కూడా నేరమన్నది. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. మేము బడిలో పిల్లలకు ఈ సెక్షన్ చెప్తుంటం. చెప్పి బయటికొస్తే బడి ఎదురుంగ ఉన్న ఛాయ్ కొట్టు కనపడ్తది.

మరి మంచి జాగలు ఎక్కడ? మా అనుభవంలో మొదటిది బస్టాండు క్యాంటీన్. అక్కడ సాంబారు నీళ్ళలెక్క ఉంటదని అందరికీ తెలుసు. కానీ పైసలు కట్టాలె, టోకెన్ తీసుకోవాలె, కౌంటర్ మీద పెట్టాలె. టోకెన్ ఇచ్చేటోనికి నీ తండ్రి పేరుతో పనిలేదు. పక్కన కూసున్నోడు పది నిమిషాల్లో బస్సెక్కి పోతడు. ఇప్పుడు హైదరాబాద్ - విజయవాడ రోడ్డు వెడల్పయినంక బస్సులు హైవే మీది పెద్ద హోటళ్ళ ముందట ఆగుతున్నయి. అక్కడ కులం అడగరు, నిజమే. కానీ అక్కడి రేటు చూస్తే కూలికి పోయే మనిషి బస్సు దిగకుండ కిటికీ పక్కన్నే కూసుంటడు. కులం ఆపని చోట రేటు ఆపుతున్నది.

రెండోది సాయిబుల హోటళ్ళు. ఈ మూడు పట్నాల్లో పాత తరం దళితులను అడగండి, మొదటిసారి కుర్చీ మీద కూసోని ఛాయ్ తాగింది ఎక్కడని. చాలామంది సాయిబు హోటల్ పేరే చెప్తారు. పెద్దకూర తినేటోడని మొఖం తిప్పుకోని జాగ అదొక్కటే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే ఎంత గొడవ అయ్యిందో తెలుసు గదా. మన తిండి మనం బాహాటంగా తింటామంటేనే రాళ్ళు పడ్డయి.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గరి టిఫిన్ బండ్లను కూడా ఈ లెక్కలో రాయాలె. ఇక్కడి బియ్యం ఎక్కడెక్కడికో పోతున్నది. ఆ బస్తాలు మోసే హమాలీ పొద్దున బండి దగ్గర నిలబడి తింటడు. లారీ డ్రైవర్ నిలబడి తింటడు, గుమాస్తా నిలబడి తింటడు. కూసునే బల్లే లేదు గనుక ఎవరు ఎక్కడ కూసోవాలన్న పంచాయితీ లేదు. ఇది సమానత్వమా అని మా మిత్రుడొకడు ఎగతాళి చేసిండు. కాదు. కానీ ఆకలైన మనిషికి అక్కడ అవమానం లేదు.

పేపర్ గ్లాసు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమైతది. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని అధికారులు రాసుకుంటున్నరు. మేము చూసిన కొన్ని ఊర్లలో పోయిన తీరు ఇది: వాడోనికి పేపర్ గ్లాసు, ఊరోనికి స్టీలు గ్లాసు. అడిగితే "శుభ్రత కోసం సారూ" అంటరు. శుభ్రత ఒకరికే ఎందుకో చెప్పరు.

ఇక బోర్డులు. రెడ్డి మెస్, చౌదరి మెస్, బ్రాహ్మిన్స్ టిఫిన్స్ అని ధైర్యంగా రాసుకుంటరు. 1957లో మద్రాసులో ఒక హోటల్ బోర్డు మీది 'బ్రాహ్మణ' అన్న మాట తీసెయ్యాలని పెరియార్ నెలల తరబడి ఆందోళన నడిపిండు. మన దగ్గర ఆ మాట ఇంకా గిరాకీ తెచ్చే మాటే. మాదిగ మెస్ అని ఎవడన్నా బోర్డు పెట్టి చూపమనండి! 2021లో దళితబంధు కింద కుటుంబానికి పది లక్షలన్నరు. మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరి మండలాన్ని కూడా మొదట ఎంచుకున్నరు. మాకు తెలిసినోళ్ళు కారో, ట్రాక్టరో కోరుకున్నరు గని హోటల్ కోరుకున్నోడు కనపడలేదు. వాళ్ళు అమాయకులు కారు. మన చేతి వంట కొనేటోడు రాడని లెక్క కట్టుకునే కారు తీసుకున్నరు. మధ్యాహ్న భోజనం వండటానికి దళితులకు ప్రాధాన్యత ఇయ్యాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆ వంట తిని పెరిగిన పిల్లలు రేపు మన హోటల్లో కూసుంటరేమో చూడాలె.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. మా తోటి టీచరమ్మలు ట్రెజరీ పనికో, ట్రైనింగుకో వచ్చి పొద్దుగూకే దాకా అరటిపండు, బిస్కెట్ పొట్లంతో గడుపుతరు. ఒక్కతే పోతే ఫ్యామిలీ రూంలోకి పొమ్మంటరు, ఫ్యామిలీ ఏదమ్మా అంటరు. అందులో దళిత స్త్రీ అయితే రెండు చూపులు భరించాలె. మన సంఘాలు నల్లగొండ నుంచి ఢిల్లీ దాకా అన్నీ మాట్లాడినయి గని ఈ ముచ్చట ఏ మీటింగులోనూ ఎత్తలేదు.

ప్రతి నెలా 30వ తారీఖున ఊర్లలో పౌరహక్కుల దినం జరపాలని ఉన్నది. తహసీల్దారు, ఎస్సై జీపులో వస్తరు, సర్పంచి షామియానా వేస్తడు, ఆ రోజు అందరికీ ఒక్కటే గ్లాసు. మేము కోరేది చిన్నది. ఈ నెల 29న, జీపు రాకముందే, మన వాడ నుంచి ఒక్క పిల్లగాడు ఒక్కడే పోయి ఆ ఛాయ్ కొట్టు బల్ల మీద కూసోవాలె. ఏ గ్లాసులో ఇచ్చిండో, కూసోమన్నడో లేదో కాగితం మీద రాసుకొని 30న అధికారుల ముందట చదవాలె. రాయడం రాకపోతే మేము రాసిపెడ్తం.