కుడినుండియా? ఎడమనుండియా?

సికింద్రాబాదు వీధులలో ఒకే దుకాణపు బోర్డుపై తెలుగు ఎడమనుండి కుడికిని, ఉర్దూ కుడినుండి ఎడమకును సాగుట నిత్యదృశ్యము. ఏది సరియైన దిక్కు అని ఎవరును తగవులాడరు. లిపినిబట్టి దిక్కు మారునని అందరికిని తెలియును. కంప్యూటరు భాషలు నేర్చునపుడు మాత్రము మనము ఈ ఇంగితమును మరచుచున్నామని మా అభిప్రాయము.

100 − 30 − 20 ఎంత? నూరు రూపాయలతో బజారుకేగి, ముప్పదికి కూరలు, ఇరువదికి పండ్లు కొన్నవాని వద్ద యాబది మిగులును. కెనెత్ ఐవర్సన్ రూపొందించిన ఏ.పి.ఎల్. భాషలో ఇదే వరుసను వ్రాసినచో తొంబది వచ్చును. ఆ భాష కుడివైపునుండి లెక్కించును: ముందు 30 నుండి 20 తీసివేసి, మిగిలిన 10ని నూటినుండి తీసివేయును. యంత్రము తప్పలేదు, దాని న్యాయము వేరు. కూడికకు సహచర ధర్మము కలదు గనుక ఎటునుండి చేసినను ఫలితమొకటే. తీసివేతకు ఆ ధర్మము లేదు. కావుననే ప్రతి భాషయు దిక్కును ముందుగా నిర్ణయించుకొనవలసి వచ్చినది.

ఒకే భాషలో రెండు దిక్కులును ఉండవచ్చును. సి భాషలో తీసివేత ఎడమనుండి, విలువను ఆపాదించు '=' గుర్తు కుడినుండి సాగును. ఉర్దూ చదువరికి ఇది వింత కారాదు. ఆ పంక్తి కుడినుండి నడచినను, అందలి అంకెలు ఎడమనుండియే చదువబడును గదా!

ప్రాధాన్యక్రమమును ఇట్టి ఒప్పందమే. 2 + 3 × 4 బడిలెక్కలో 14. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ ఆ సంప్రదాయమునే పాటించినది. స్మాల్‌టాక్ భాషలో అది 20. రెండు ఘాతము మూడు ఘాతము రెండు అని వరుసగా వ్రాసినచో పైథాన్ 512 అనును, ఎక్సెల్ 64 అనును. సి భాషా నిర్మాత డెన్నిస్ రిచీయే '&' గుర్తునకు '==' కంటె తక్కువ ప్రాధాన్యమిచ్చుట సరికాదని అంగీకరించెను. అప్పటికే వ్రాసిన ప్రోగ్రాములు చెడునన్న శంకతో దానిని మార్పలేదు.

నిర్మాతయే సరికాదన్న క్రమమును కంఠస్థము చేసినవాడు మేధావియనియు, కుండలీకరణములు వాడినవాడు అజ్ఞుడనియు ఎంచుట న్యాయమా? తెలుగు, ఉర్దూ మాధ్యమములనుండి వచ్చిన విద్యార్థులెందరో ఇట్టి చిక్కుప్రశ్నలవద్ద మార్కులు పోగొట్టుకొని, ఈ విద్య తమకు రాదని వెనుదీయుచున్నారు. నష్టపోవునది విద్యయే.

అడుగడుగునా కుండలీకరణములు నింపినచో చదువుట కష్టమని కొందరందురు. నిజమే. బడిలెక్కకు అవి అనవసరము. కాని చదువరికి సందేహము కలుగుచోట వానిని ఉంచుట బలహీనత కాదు. రేపు ఆస్పత్రి బిల్లునో, జీతపు లెక్కనో వ్రాయబోవునది ఈ విద్యార్థులే. వారు వ్రాసినదానిని మరొకరు చదివి సరిదిద్దవలసియుండును. కావున పరీక్షకులు "జవాబెంత?" అని మాత్రమే గాక, "దీనిని ఎవరికైనను అర్థమగునట్లు తిరిగి వ్రాయుము" అని కూడ అడుగవలెనని మా విన్నపము.