ఊపిరికి తూకం: ఛీగోంగ్, తాయ్ చీల గురించి ఒక రసాయన శాస్త్రజ్ఞుని అభిప్రాయం

గత సంవత్సరం వేసవిలో హైదరాబాదు నుండి మా అక్కయ్య ఫోను చేసింది. బావగారు మూడు నెలల క్రితం ఒక ఛీగోంగ్ శిబిరానికి వెళ్ళివచ్చారనీ, "శక్తిప్రవాహం సరిపడిన తరువాత రక్తపోటు మాత్రలతో పని ఉండదు" అని అక్కడి గురువుగారు అన్నారనీ, ఆ మాట పట్టుకొని ఆయన మాత్రలు మానివేశారనీ, ఆ ఉదయం ఎడమచేయి స్వాధీనం తప్పిందనీ చెప్పింది. సకాలంలో ఆసుపత్రికి చేర్చారు కనుక ప్రాణాపాయం తప్పింది. చేయి చాలవరకు తిరిగివచ్చింది. అయినా పాలగ్లాసు పట్టుకున్నప్పుడు ఇప్పటికీ కొద్దిగా వణుకుతుంది.

ఆ ఫోను వచ్చిన రోజు ఉదయం నేను కూడ, ఇక్కడ జెబెల్ అలీలో, మా భవనాల నడుమ ఉన్న పచ్చికలో అదే ఛీగోంగ్ అభ్యాసం ముగించుకొని వచ్చినవాడినే. ఆరేళ్ళుగా చేస్తున్నాను. బావగారికి జరిగినది విన్న తరువాత కూడ మానలేదు. "ఇంకా ఆ చైనా విద్య ఎందుకు?" అని అక్కయ్య నిలదీసింది. అప్పుడు ఫోనులో సరిగా చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

మొదట మాట సంగతి. ఇంగ్లీషు అక్షరాలను చూసి మా అబ్బాయి దీనిని "కిగాంగ్" అని చదివాడు. చైనీయుల ఉచ్చారణకు దగ్గరగా వ్రాయాలంటే "ఛీగోంగ్" అనాలి. (మన భాషలో ఛీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మా ఇంట్లో ఒక వారం రోజులు నవ్వులే నవ్వులు.) ఛీ అంటే ఊపిరి, ఆవిరి, గాలి, వాటి ద్వారా ప్రాణశక్తి. గోంగ్ అంటే చాలకాలం చేసిన సాధన వలన అబ్బిన నేర్పు. ఇక తాయ్ చీలోని చీ ఈ ఛీ కాదు! అది వేరే అక్షరం, వేరే అర్థం. దూలం, పరాకాష్ఠ అని దాని భావం. తాయ్ చీ చ్వాన్ అంటే "పరమావధి ముష్టి", అనగా ఒక యుద్ధవిద్య పేరు. ఇంగ్లీషు లిపిలో రెండూ ఒకేలా వ్రాయడం వలన, తాయ్ చీ అంటే ఏదో "మహాప్రాణశక్తి" అని బోధించే పుస్తకాలు కోకొల్లలుగా వచ్చాయి. అల్పప్రాణ మహాప్రాణ భేదం చూపగలిగిన మన లిపిలో ఆ పొరపాటుకు తావులేదు. చకారానికి వత్తు ఉన్నదా లేదా అని చూసుకుంటే చాలును.

ఈ రెండింటి సంబంధం కూడ అంత జటిలమైనది కాదు. భంగిమను, శ్వాసను, మనస్సును ఒకేచోట కూర్చే అభ్యాసాలన్నింటికీ కలిపి పెట్టిన పేరు ఛీగోంగ్. నిలుచుని చేసేవి, కూర్చుని చేసేవి, కదలకుండా చేసేవి అందులో వందల కొద్దీ ఉన్నాయి. తాయ్ చీ ఒక నిర్దిష్టమైన మల్లవిద్య. హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశీయుల గ్రామంలో 17వ శతాబ్దంలో రూపుదిద్దుకొన్నదని చరిత్రకారులు చెప్తారు. ఆ గ్రామంలో నేర్చుకొన్న యాంగ్ లూచాన్ (1799-1872) దానిని బీజింగుకు తీసుకువెళ్ళాడు. అందులో ప్రతి కదలికకు వెనుక ఒక దెబ్బో, ఒక పట్టో, ఒక తప్పించుకోవడమో ఉన్నది. అయితే నెమ్మదిగా, ఊపిరి మీద ధ్యాస నిలిపి చేస్తే అది ఛీగోంగ్ లక్షణాలన్నీ సంతరించుకుంటుంది. నేడు ఉద్యానవనాలలో తాయ్ చీ చేసే లక్షలాది వృద్ధులలో ఎవరిని కొట్టాలన్న ఆలోచన ఎవరికి ఉంటుంది? కనుక తాయ్ చీ చేసేవారు చాలమంది ఛీగోంగ్ చేస్తున్నట్లే. ఛీగోంగ్ చేసేవారందరూ మాత్రం తాయ్ చీ చేస్తున్నట్లు కాదు.

ఛీగోంగ్ వేల ఏళ్ళ నాటిదని అందరూ అంటారు. అది సగమే నిజం. 1973లో మావాంగ్‌డుయ్ వద్ద క్రీ.పూ. 168 నాటి సమాధిలో ఒక పట్టువస్త్రం దొరికింది. దానిపై వ్యాయామం చేస్తున్న 44 మంది స్త్రీపురుషుల చిత్రాలు ఉన్నాయి. కనుక అభ్యాసం ప్రాచీనమే. కాని "ఛీగోంగ్" అన్న పేరు క్రింద వాటినన్నిటినీ ఒక వైద్యపద్ధతిగా కూర్చినది 20వ శతాబ్దపు మధ్యభాగంలో. తన కడుపుపుండు ఈ శ్వాసాభ్యాసంతో నయమైనదని నమ్మిన ల్యూ గ్వీజెన్ అనే ఉద్యోగి ఆ పని ప్రారంభించాడు. 1950లలో బేడాయ్‌హే సముద్రతీరంలో ప్రభుత్వమే ఒక ఆరోగ్యధామం నెలకొల్పింది. సాంస్కృతిక విప్లవకాలంలో అదంతా మూఢనమ్మకమని మూలబడింది, 1980లలో జ్వరంలా మళ్ళీ దేశమంతటా వ్యాపించింది. 1999లో ఫాలున్ గోంగ్ నిషేధం తరువాత ఇటువంటి బృందాలన్నీ కట్టడికి లోనయ్యాయి. 2003 నుండి చైనా క్రీడాశాఖ నాలుగు అభ్యాసాలను ప్రామాణికంగా ప్రచారం చేస్తున్నది. నేను చేసే "బాద్వాన్‌జిన్", అనగా ఎనిమిది పట్టుతునకలు, వాటిలో ఒకటి.

ఆ నాలుగింటిలో మరొకటైన "యీజిన్‌జింగ్"ను బోధిధర్ముడు చైనీయులకు నేర్పాడని ప్రసిద్ధి. దక్షిణాది రాజకుమారుడని చెప్పే ఆయన కథ 2011లో "సెవెన్త్ సెన్స్" సినిమాతో మన పిల్లలకు కూడ తెలిసింది. మన సభలలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా చప్పట్లు మ్రోగుతాయి. చప్పట్లకు అడ్డుపడడం నాకు ఇష్టం లేదు కాని, ఆ గ్రంథం 17వ శతాబ్దపుదేనని, బోధిధర్ముని పేరు తరువాత తగిలించినదని పండితులు ఎప్పుడో తేల్చారు. మన ప్రాణాయామానికీ వారి సాధనకూ పోలికలు ఉన్న మాట వాస్తవమే. ఊపిరినీ ప్రాణాన్నీ ఒకే మాటతో చెప్పడం గ్రీకులలోనూ ఉన్నది. ఊపిరి ఆగితే ప్రాణం పోవడం అన్ని దేశాలవారూ చూసినదే కదా! పోలిక కనబడిన ప్రతిచోటా అప్పు ఉండనవసరం లేదు.

ఇక నేను ఇందులోకి వచ్చిన విధం. ప్రయోగశాలలో రోజుకు ఎనిమిది గంటలు బల్లమీదికి వంగి నిలబడే ఉద్యోగం నాది. నలభై దాటేసరికి నడుము పట్టివేసింది. షాంఘై నుండి వచ్చిన ఒక సహోద్యోగి భోజనవిరామంలో, "రెండు చేతులు పైకెత్తి ఆకాశాన్ని మోయండి, నేలను పాదాలతో పట్టుకోండి" అని మొదటి పట్టుతునక నేర్పాడు. రెండవది విల్లు లాగుతున్నట్లు కుడియెడమలకు చేయడం. ఎనిమిదవది మడమలెత్తి నేలకు వదలడం, ఏడుసార్లు. మొత్తం పన్నెండు నిమిషాలు. చేతులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టినప్పుడు అరచేతుల మధ్య వెచ్చగా, బరువుగా ఏదో తోచింది. "అదే ఛీ" అన్నాడతడు. నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. అనుభూతి నిజమే. ప్రశాంతంగా ఉన్నప్పుడు చేతులలోని సూక్ష్మ రక్తనాళాలు వ్యాకోచించి వెచ్చదనం వస్తుంది. ధ్యాస నిలిపిన అవయవంలో స్పర్శ హెచ్చుగా తెలుస్తుంది. అనుభూతి నిజమైనంత మాత్రాన దానికి చెప్పే కారణం నిజం కానక్కరలేదు.

మా రసాయనశాస్త్రంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉన్నది. జీవుల శరీరాలలో పుట్టే పదార్థాలను ప్రయోగశాలలో తయారుచేయడం అసాధ్యమనీ, వాటికి ఒక "ప్రాణశక్తి" కావాలనీ 19వ శతాబ్దారంభంలో గొప్ప గొప్ప రసాయనవేత్తలే విశ్వసించారు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేటు నుండి యూరియాను తయారుచేశాడు. మూత్రపిండంతో పనిలేకుండా! ఆ సిద్ధాంతం ఒక్కరోజులో కూలిపోయిందని పాఠ్యపుస్తకాలలో వ్రాస్తారు కాని, అది కట్టుకథ. మెల్లమెల్లగా, కొన్ని దశాబ్దాలలో జారిపోయింది. ప్రాణశక్తి పోయినా ఆ పదార్థాల శాస్త్రం పోలేదు. సేంద్రియ రసాయనం అనే పేరు కూడ పోలేదు. ఛీ అన్న మాటను నేను అలాగే వాడుకుంటాను. "ఛీని పొత్తికడుపులోకి దింపు" అని గురువు అంటే, పొట్ట కదిలేటట్లు లోతుగా ఊపిరి తీయమని, భుజాలు బిగించవద్దని అర్థం చేసుకుంటాను. ఆ మాట కండరాలకు పంపే సూచనగా చక్కగా పనిచేస్తుంది. సీసాలో పట్టి తూచదగిన పదార్థంగా పనిచేయదు.

అలా తూచామని చెప్పినవారు లేకపోలేదు. 1980ల ద్వితీయార్ధంలో యాన్ షిన్ అనే ప్రసిద్ధ ఛీగోంగ్ గురువు, బీజింగులోని చిన్‌హ్వా విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి కొన్ని ప్రయోగాలు చేశాడు. తాను దూరం నుండి పంపిన "బాహ్య ఛీ" వలన నీటి, గ్లూకోజు ద్రావణాల రామన్ వర్ణపటాలు మారాయని వారు ప్రకటించారు. విశాఖపట్నంలో చదువుకున్న రామన్ గారు 1928లో వెలువరించిన ఆ కాంతివిక్షేపణమే నా రోజువారీ పనిముట్టు కనుక, ఈ ఒక్క విషయంలో అధికారంతో మాట్లాడగలను. నీటి అణువులోని ఆక్సిజన్ హైడ్రోజన్ బంధాల కంపనాలను చూపే పట్టీ మహా సున్నితమైనది. ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు మారితే చాలు, దాని ఆకారం మారుతుంది. గాజుపాత్ర స్థానం జరిగినా తీవ్రత మారుతుంది. అందుచేత ఛీ "పంపిన" నీరు ఏదో, పంపనిది ఏదో కొలిచేవారికి తెలియకుండా పరీక్షించాలి. మరొక ఊరిలో, మరొకరి చేతిలో అదే ఫలితం రావాలి. స్వతంత్ర ప్రయోగశాలలలో అది ధ్రువపడలేదు. 1988లో జేమ్స్ రాండీ మొదలైన అమెరికా పరిశీలకులు చైనాకు వెళ్ళి, గురువును ఒక గదిలో, రోగిని మరొక గదిలో ఉంచి పరీక్షించినప్పుడు ఆయన ఛీ పంపిన వేళలకూ ఈయన కదలికలకూ పొంతన కుదరలేదు. మనవాళ్ళు తక్కువ తిన్నారా? 1996లో మూలికలతో నీటిని పెట్రోలు చేశానన్న తమిళనాడు యువకుని వెనుక ఎంతమంది పెద్దలు నడిచారో నాకు బాగా గుర్తు.

దుబాయి నగరం త్రాగే నీటిలో అత్యధిక భాగం ఈ జెబెల్ అలీ కర్మాగారాలలో సముద్రం నుండి ఉప్పు తీసి చేసినదే. దానిలో నమ్మదగిన విశేషం అదే, ఎవరూ చేయి ఊపి శక్తి నింపనవసరం లేదు.

మరి వ్యాయామంగా దీని విలువ ఎంత? ఇక్కడ సాక్ష్యం గట్టిది. 1996లో అట్లాంటాలో డెబ్బై ఏళ్ళు దాటిన 200 మందిపై జరిగిన అధ్యయనంలో, తాయ్ చీ నేర్చుకున్నవారు పదే పదే పడిపోయే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. 2012లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 195 మంది పార్కిన్సన్ రోగులకు ఆరు నెలలు నేర్పితే, నిలకడ విషయంలో బరువులతో చేసే కసరత్తు కంటె, సాగదీసే వ్యాయామం కంటె మెరుగని తేలింది. 2010లో ఛీగోంగ్, తాయ్ చీల మీద వచ్చిన 77 పరిశోధనా పత్రాలను ఒకచోట చేర్చి చూసినవారు, ఆరోగ్యఫలితాల దృష్ట్యా రెండింటినీ ఒకే కోవలో చూడవచ్చునని అన్నారు. ఇందులో మాయ లేదు. మోకాళ్ళు కొద్దిగా వంచి, బరువును ఒక పాదం నుండి మరొక పాదానికి నెమ్మదిగా మార్చడం తొడకండరాలకు కఠినమైన పని. వేగంగా చేస్తే ఊపు మోస్తుంది, నెమ్మదిగా చేస్తే కండరమే మోయాలి. అయితే తాను తాయ్ చీ చేస్తున్న సంగతి చేసేవారికి తెలియకుండా దాచలేము కనుక, మందుల పరీక్షలంత నిక్కచ్చితనం ఈ అధ్యయనాలకు ఉండదు.

బావగారి విషయానికి నేరుగా వర్తించేది 2024లో బీజింగు నుండి వెలువడింది. 342 మందిని ఒక సంవత్సరం పరిశీలించారు. పై రక్తపోటు తాయ్ చీ చేసినవారిలో సగటున 7 పాయింట్లు, వేగంగా నడవడం వంటి వ్యాయామం చేసినవారిలో 4.6 పాయింట్లు తగ్గింది. ఈ వార్త పత్రికలలో చూసి నాకు పంపినవారు పదిమంది. వారిలో ఎంతమంది గమనించారో తెలియదు కాని, ఆ పరీక్షలో పాల్గొన్నది ఇంకా మందుల అవసరం రాని, అంచున ఉన్నవారు. మాత్రలు వాడుతున్నవారు కారు. 180 ఉన్న మనిషికి 7 పాయింట్లు తగ్గితే 173 అవుతుంది, అంతే.

ఇక్కడ మన సంఘం నిర్వాహకులకు ఒక సూచన. చలికాలంలో స్వదేశం నుండి తల్లిదండ్రులు వచ్చి మూడేసి నెలలు ఉంటారు. పలకరాయి నేలలు, తడిసిన స్నానాల గదులు, పగలంతా ఒంటరితనం. మా అమ్మ ఒకసారి వంటింటి గడప దగ్గర పడి మణికట్టు విరుగగొట్టుకున్నది. వారాంతపు భజనలకు, పేకాటలకు దొరికే హాలు పన్నెండు నిమిషాల పట్టుతునకలకు దొరకదా? వేసవిలో మాత్రం ఆరుబయట వద్దు. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మిట్టమధ్యాహ్నం కార్మికులచేతనే ఎండలో పని చేయించరాదని ఇక్కడి చట్టం. తెల్లవారుజామున కూడ ఉక్క తక్కువ ఉండదు. నేర్పడానికి వచ్చేవారిని ఒకే ప్రశ్న అడగండి: "మా నాన్నగారు వేసుకునే మాత్రల గురించి మీరు ఏమంటారు?" డాక్టరుగారిని అడగమనకుండా మరేమి చెప్పినా, కాఫీ ఇచ్చి పంపివేయండి.

డిసెంబరులో అక్కయ్య, బావగారు మా ఇంటికి వచ్చారు. మొదటి వారం ఆయన బాల్కనీలో కూర్చుని నన్ను చూస్తూ ఉన్నారు. రెండవ వారం క్రిందికి దిగి, ఎడమచేయి సగమే లేచినా ఆకాశం మోశారు. ఛీ ఉన్నదా లేదా అన్న వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు, ఆయన ఉన్నదనే అంటారు. మాత్రల డబ్బీ మాత్రం అక్కయ్య చేతిసంచిలో ఉంటుంది. ఏడవసారి మడమలు నేలకు తాకగానే ఆమె మంచినీళ్ళ గ్లాసుతో ఎదురు వస్తుంది.