మనవాళ్లు ఎటు?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, జుమా నమాజు ముగిసి చెప్పులు తొడుక్కునే చోట ఒకటే ప్రశ్న. "హజ్రత్, ఈసారి మనవాళ్లు ఎటు?" ముప్పై ఏళ్లుగా పిల్లలకు అలిఫ్, బే నేర్పుతున్న నా దగ్గర ఏదో రహస్యం ఉందని అడిగేవారి నమ్మకం. అసలు ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముస్లింలు మూకుమ్మడిగా ఒకేవైపు ఓటు వేస్తారని బయటివారు అనుకుంటారు. పల్నాడు లెక్క చూడండి. నరసరావుపేట లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. 2014లో అయిదు తెలుగుదేశానికి, నరసరావుపేట, మాచర్ల మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి. 2019లో ఏడుకు ఏడూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో ఏడుకు ఏడూ తెలుగుదేశం గెలిచింది. ఈ రెండుసార్లూ లోక్‌సభకు ఎన్నికైంది ఒక్కరే. మారింది పార్టీ.

ఎవరి ఓటు ఎటు పడిందో యంత్రం చెప్పదు. అయినా మన కళ్లు మనకున్నాయి. 2024 మార్చి 17న చిలకలూరిపేట దగ్గర బొప్పూడిలో తెలుగుదేశం, జనసేన, బీజేపీల ఉమ్మడి సభకు ప్రధానమంత్రి వచ్చినప్పుడు, ఇక ముస్లింలంతా ఒకటవుతారని చాలామంది అనుకున్నారు. నాకు తెలిసిన ఇళ్లలోనే అన్న ఒకవైపు, తమ్ముడు మరోవైపు వేశారు. కారణం సులభం. మన దగ్గర ఓటు ఊరి పెద్దను చూసి పడుతుంది. సాగర్ కుడికాలువ నీళ్లు చేలోకి రావాలన్నా, పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పని దొరకాలన్నా, పింఛను జాబితాలో పేరుండాలన్నా ఒకరి అండ కావాలి. ఆయన కండువా మారిస్తే మన కండువా కూడా మారుతుంది. ఇది ముస్లింల జబ్బు కాదు, పల్నాటి జబ్బు.

ఈ జబ్బుకు మూల్యం ఎంత? 2021 పురపాలక ఎన్నికల్లో మాచర్ల, పిడుగురాళ్లలో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. ఓటు వేసే పనే లేకపోయింది. 2024 మే 13న పాల్వాయిగేటు పోలింగ్ కేంద్రంలో యంత్రాన్ని నేలకేసి కొట్టడం దేశమంతా చూసింది. ఆ ఏడాది జూలై 17న, మొహర్రం నాడు, వినుకొండ నడిరోడ్డుపై ఒక యువకుడిని నరికి చంపారు. పోలీసులు పాతకక్ష అన్నారు, ఒక పార్టీ రాజకీయ హత్య అంది. ఏదైనా కానీ, పోయినవాడు ముస్లిం బిడ్డే, నిందితుడూ ముస్లిం బిడ్డే. ఇద్దరి ఇళ్లలోనూ తల్లులున్నారు.

ఓటంటే గవాహీ, సాక్ష్యం అని మన ఉలమాలు చెప్పారు. ఫలానావాడు ఈ పనికి తగినవాడని మనమిచ్చే సాక్ష్యం అది. సాక్ష్యం ఎవరిది వారిదే. ఊరి పెద్ద చెప్పాడని ఇస్తే అది సాక్ష్యం కాదు. భర్త చెప్పాడని భార్య ఇచ్చినా అంతే. హజ్రత్ చెప్పాడని ఇచ్చినా అంతే.

మరి ఓటు అడగడానికి వచ్చినవారిని మనం ఏమడుగుతున్నాం? ఇమాము, మౌజన్ల గౌరవవేతనం ఎంత పెంచుతారని మా బోటివాళ్లమే ముందు అడుగుతాం. తప్పు కాదు గానీ, అక్కడితో ఆగిపోతున్నాం. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ మన పిల్లల కాలేజీ సీటుకు సంబంధించినది. దానిపై మీ పార్టీ మాట ఏమిటని ఎంతమంది అడిగారు? 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు తెలుగుదేశం బలపరిచింది, వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. మన ఎంపీకి ఒక ఉత్తరమైనా ఎంతమంది రాశారు? దాచడమెందుకు, నేనూ రాయలేదు. మసీదు అరుగు మీద కూర్చుని బాధపడ్డాను, అంతే.

కోడిపందెంతో రాజుకున్న పగ కారెంపూడి యుద్ధం దాకా వెళ్లిన నేల ఇది. అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథ చెప్పుకునేదీ ఈ నేలమీదే. రెంటిలో ఏది మనకు కావాలో మనమే తేల్చుకోవాలి.

కాబట్టి సోదరులారా, సోదరీమణులారా, వచ్చే ఎన్నికల్లో మిమ్మల్ని కోరేవి రెండే. వచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవాడైనా, ఒకే ప్రశ్నలు అడగండి. చెప్పిన జవాబు కాగితం మీద రాసిపెట్టుకోండి, అయిదేళ్ల తరువాత అదే కాగితం వారి ముందుంచండి. రెండోది, అన్నదమ్ములు చెరొకరికి ఓటు వేసినా, ఆ రాత్రి ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని అన్నం తినండి.

అప్పుడు "మనవాళ్లు ఎటు?" అని నన్ను ఎవరూ అడగనక్కర్లేదు.