జబ్బు కారు ఎవరికి అమ్మాలి?

కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం గురించి మన హేతువాదులు చాలానే రాశారు. నేను చెప్పబోయేది ఇంకో నిమ్మకాయ గురించి. పైకి నిగనిగలాడుతూ లోపల చెడిపోయిన కారును అమెరికా వాడుకలో లెమన్ అంటారు. 1970లో జార్జ్ అకెర్లాఫ్ ఈ పేరుతోనే పాత కార్ల బజారు మీద వ్యాసం రాశాడు. 2001లో మరో ఇద్దరితో కలిసి ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది సులువే. కారు సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ఎందుకైనా మంచిదని ధర తగ్గించి అడుగుతాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి బజారులో మిగిలేవి ఎక్కువగా జబ్బు కార్లే.

నోయిడాలో మా సొసైటీలోనే ఉండే గుంటూరు మిత్రుడికి ఈ సమస్య వచ్చింది. ఆయనది ఏడేళ్ల పెట్రోలు కారు, ఆటోమేటిక్ గేర్లు. పొద్దున్నే తీస్తే బంగారం. సాయంత్రం డీఎన్‌డీ దగ్గర జామ్‌లో ముప్పావు గంట ఇరుక్కుంటే క్లచ్ వేడెక్కి కుదుపులు మొదలవుతాయి, హెచ్చరిక దీపం వెలుగుతుంది. పది నిమిషాలు ఆపితే దీపం ఆరిపోతుంది. రిపేరుకు 1,20,000 అవుతుందని వర్క్‌షాపు ఎస్టిమేట్. "జీవితమంతా లెక్కలు చూసినవారు, మీరే తేల్చండి" అన్నారు.

తేల్చాను. షోరూము వారు పాత కారుకు 3,40,000 ఇచ్చి, పైన 30,000 ఎక్స్ఛేంజ్ బోనస్ ఇస్తామన్నారు. పాత కారు ఇవ్వకుండా కొంటే ఎంత తగ్గిస్తారో అడగమన్నాను. 15,000 తగ్గిస్తామన్నారు. అంటే అసలు బోనస్ 15,000 మాత్రమే, ఎక్స్ఛేంజ్ విలువ 3,55,000. బయట ఎస్టిమేట్ కాగితం చూపించి అమ్మితే 3,50,000 దాకా వచ్చేట్టుంది. కాగితం చూపించకపోతే 4,50,000. కిందటేడు క్లచ్‌కు పెట్టిన 60,000 కూడా రాబట్టాలని ఆయన పట్టుబట్టారు. ఆ డబ్బు వెళ్లిపోయింది; ఏ దారిలో అమ్మినా తిరిగి రాదు కనుక లెక్కలోంచి కొట్టేశాను.

కాబట్టి ఎక్స్ఛేంజా, బయట అమ్మకమా అన్నది 5,000 రూపాయల ప్రశ్న. తిరగడానికి ఓపిక లేకపోతే షోరూముకే ఇచ్చేయవచ్చు. అసలు ప్రశ్న ఆ 95,000 గురించి. అది కారు ధర కాదు, నోరు మెదపకుండా ఉన్నందుకు వచ్చే డబ్బు.

"నేను అబద్ధం చెప్పడం లేదు కదండీ, ఆదివారం పొద్దున వచ్చి నడిపి చూసుకోమంటాను" అన్నారాయన. చట్టం ఆయనకు కొంత తోడు వస్తుంది కూడా. మేం బీకాంలో చదువుకున్న 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో గుర్రం ఉదాహరణ ఉంది. జబ్బు గుర్రాన్ని వేలం వేస్తూ, ఆ సంగతి తెలిసీ ఊరుకుంటే అది మోసం కాదు. కానీ, మీరు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను అని కొనేవాడు అన్నప్పుడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం. కారు కొనడానికి వచ్చినవాడు మొదట అడిగేదే "ప్రాబ్లమ్ ఏమీ లేదు కదా?" అని. ఇక ఆదివారం పొద్దున్నే ఎందుకు రమ్మంటున్నట్టు? ఆ గంటలో జబ్బు బయటపడదని తెలుసు కనుకనే. తాను ఎంచుకున్న వేళలో, తాను ఎంచుకున్న చోట మాత్రమే పరీక్షకు ఒప్పుకునే బాబాల్ని మనం ఏమంటాం?

సైన్యం పనికిరాదని తేల్చిన వాహనాల్ని వేలం వేసేటప్పుడు కూడా ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా అన్న షరతే ఉంటుంది. అయితే అది పనికిరానిదని తేల్చిన బండి అని కొనేవాడికి ముందే తెలుసు. తేడా అక్కడే ఉంది.

షోరూము వాడు మాత్రం ఇంకొకరికి చెప్పకుండా అమ్మడా అంటారు. అమ్మవచ్చు. కానీ అతను స్కానర్ పెట్టి చూసి ధర కట్టే వ్యాపారి, చేతిలో వర్క్‌షాపు ఉంది. అతని దగ్గర కొన్నవాడికి వినియోగదారుల కమిషన్ దారి ఉంది. మిత్రుడి దగ్గర కొన్నవాడికి ఆ దారి కూడా లేదు. ఏమైనా షోరూముకూ ఎస్టిమేట్ చూపించమనే చెప్పాను.

ఎవరికి ఇచ్చినా రిజిస్ట్రేషన్ మార్పు వదలకూడదు. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: కారు ఎన్ని చేతులు మారినా, రిజిస్టరులో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడు. 2025 నవంబరు 10న ఎర్రకోట దగ్గర పేలిన కారూ చేతులు మారుతూ వచ్చిందే. పోలీసులు మొదట వెతికింది కాగితాల మీద పేరున్నవాణ్ణి. బయటివారికి అమ్మితే ఫారం 29, 30. ఢిల్లీ వారైతే నోయిడా ఆఫీసు నుంచి ఎన్ఓసీ కూడా. అధికారం పొందిన డీలరుకు ఇస్తే, 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఫారం 29సి. అది పోర్టల్‌లో నమోదైతే అక్కడినుంచి బాధ్యత డీలరుది. "తర్వాత చూసుకుందాం, తాళాలు ఇవ్వండి" అనే డీలరుకు తాళాలు ఇవ్వకండి.

మిత్రుడి ఇంట్లో ఇప్పుడు ఇంకో చర్చ నడుస్తోంది, శనివారం ఇనుము ఇంటి నుంచి పంపవచ్చా లేదా అని. ఆర్టీఓ పోర్టల్ శనివారం కూడా పనిచేస్తుందని చెప్పి వచ్చాను.